నాగరాజుకి గుర్తొచ్చింది

మా మరిది శివనాగరాజుని అమలాపురం తీసుకెళ్ళింది నేనే. వాడు రానన్నాడు. భయంగా ఉందన్నాడు. నేనే బతిమాలి, చివరికి వాడి ముందు ఏడ్చి మరీ తీసుకెళ్ళేను. ఈ సంగతి ఎవరికి చెప్పినా ముందు ఈ ముక్క చెప్పి, తర్వాతే మిగతాది చెబుతాను.

మాది ఉప్పలగుప్తం మండలంలో సముద్రం ఒడ్డు ఊరు. నా పేరు ఆదిలక్ష్మి. ఊళ్ళో ఆశా కార్యకర్తని. కడుపుతో ఉన్నవాళ్ళని ఆసుపత్రికి తీసుకెళ్ళడం, పిల్లలకి టీకాలు వేయించడం నా పని. పాము కరిస్తే మంత్రం వేయించుకుంటామనే వాళ్ళతో దెబ్బలాడి అంబులెన్సు ఎక్కించిన రోజులున్నాయి. అంత తెలిసినదాన్నే ఇలా చేసేను.

మా ఆయన రాజబాబు, తమ్ముడు నాగరాజు ఒకే బోటు మీద వేటకి వెళ్ళేవారు. నేను కాపరానికి వచ్చేటప్పటికి నాగరాజు ఎనిమిదో తరగతి. నా చేత్తో అన్నం పెట్టేను, స్కూలుకి పంపేను, పెళ్ళి కూడా మేమే చేసేం. వాడి భార్య పద్మశ్రీది రాజోలు. మా రెండిళ్ళకీ మధ్యన ఒక్కటే గోడ. మా అత్తగారు సత్యనారాయణమ్మ గారు పొద్దున్న కాఫీ ఆ ఇంట్లో తాగి, మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వచ్చేవారు. నాకు ఒక్కతే కూతురు, గాయత్రి. కాకినాడ హాస్టల్లో ఉండి పాలిటెక్నిక్ చదువుతోంది.

పోయిన ఏడాది కార్తీకమాసంలో వేకువన వెళ్ళిన బోటు, గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట కెరటం కొట్టి తిరగబడింది. మధ్యాహ్నానికి మా ఊరి అబ్బులు బాబాయి వాళ్ళ బోటు నాగరాజుని ఒడ్డుకి తెచ్చింది. ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని తేలుతున్నాడని అందరూ అన్నారు. తల వెనక పెద్ద దెబ్బ. స్పృహ లేదు. మా ఆయన మాత్రం దొరకలేదు. మూడోరోజు ఓడలరేవు వైపు ఒడ్డుకి కొట్టుకొచ్చేరు. చేతి మీద నా పేరు పచ్చబొట్టు చూసి గుర్తుపట్టేరు.

నాగరాజుకి నాలుగో రోజున తెలివొచ్చింది. అప్పటికి అన్నకి దహనం కూడా అయిపోయింది. "అన్నయ్య ఏడి?" అని అడిగేడు. చెప్పే ధైర్యం ఎవరికీ లేక నేనే చెప్పేను. వాడు ఏడవలేదు. అర్థం కానట్టు చూసేడు. ఇంజను స్టార్టు చెయ్యడం గుర్తుందట. ఫ్లాస్కులో టీ పోసి అన్న చేతికి అందించడం గుర్తుందట. ఆ తర్వాత గుర్తున్నది ఆసుపత్రి గదిలో తిరుగుతున్న ఫ్యాను. మధ్యలో ఏమీ లేదు.

నాకేమో ఆ మధ్యలోదే కావాలి.

ఎందుకో చెప్పాలి. ఆ ముందు రోజు గాయత్రి ఫోను చేసి నాలుగు రోజులు ఇంటికి వస్తానంది. పరీక్షలున్నాయి, వద్దన్నాను. ఆయనకి కోపం వచ్చింది. కూతుర్ని చూడాలని ఉన్నట్టుంది, నాకు చెప్పలేదు. మాటా మాటా పెరిగింది. గోడ అవతల నాగరాజు వాళ్ళకీ వినపడే ఉంటుంది. వేకువన ఆయన లేచి, తువ్వాలు తలకి చుట్టుకుని బయల్దేరుతుంటే నాకు మెలకువే. కళ్ళు మూసుకుని పడుకున్నాను. గుమ్మం దగ్గర కాసేపు ఆగేరు. ఆగినట్టు నాకు తెలుస్తూనే ఉంది. అయినా కళ్ళు తెరవలేదు. పంతం. సాయంత్రం వస్తారు కదా, చేపల పులుసు పెట్టి నేనే ముందు మాట్లాడదాం అనుకున్నాను.

అందుకని ఆయన నీళ్ళలో ఏమన్నారో నాకు కావాలి. నా పేరేమైనా తలుచుకున్నారా, కోపంతోనే వెళ్ళిపోయేరా. దాన్ని చెప్పగలిగిన మనిషి లోకంలో ఒక్కడే ఉన్నాడు. వాడికేమో గుర్తు లేదు.

నాగరాజు ఇంటికొచ్చిన దగ్గర్నుంచి రోజూ అడిగేదాన్ని. "ఏమైనా గుర్తొచ్చిందా నాన్నా?" అని. "లేదు వదినా" అనేవాడు. తప్పు చేసినవాడిలా తల దించుకునేవాడు. పద్మశ్రీ ఒకసారి, "అక్కా, ఆయన్ని అలా అడక్కండి. మీరొస్తున్నారంటే దొడ్లోకి వెళ్ళిపోతున్నారు" అంది. నేను ఒక వారం ఊరుకుని మళ్ళీ అడిగేను.

మాఘమాసంలో టీకాల రోజున ఒకావిడ ఫోనులో వీడియో చూపించింది. అమలాపురంలో ఆనందరావు గారని హిప్నాటిజం చేస్తారట. ఒకమ్మాయి ఎక్కడో పెట్టి మర్చిపోయిన గొలుసు, ఆయన కళ్ళు మూయించి అడిగితే చెప్పేసిందట. ఆ వీడియో నా ఫోనుకి పంపించుకున్నాను. పదిసార్లు చూసేను.

నాగరాజుకి చూపిస్తే బెదిరిపోయేడు. "వద్దు వదినా. నిద్రపుచ్చేసి మన చేత ఏదైనా చేయిస్తారంట. వాళ్ళు లేపకపోతే అలాగే ఉండిపోతామంట."

"నేను పక్కనే ఉంటాను కదా."

"ఏవేవో వాగేస్తానేమో."

"వాగవు. నిజమే చెబుతావు. అన్నయ్య ఆఖరికి ఏమన్నారో ఒక్కమాట చెప్పు నాన్నా. ఇంకేమీ అడగను నిన్ను." అంటూనే నాకు ఏడుపొచ్చేసింది. వాడు లేచి చొక్కా వేసుకున్నాడు.

ఆనందరావు గారి గది గడియారస్తంభం సెంటర్లో ఒక కళ్ళజోళ్ళ షాపు పైన. యాభై దాటిన మనిషి, తెల్లచొక్కా, మెత్తటి మాట. పూర్వం కాలేజీల్లో, జాతర్లలో స్టేజి మీద చేసేవారట. ఇప్పుడు హిప్నోథెరపీ అని బోర్డు పెట్టేరు. మోసగాడిలా ఏమీ లేరు. ఆయన చెప్పేది ఆయనే నమ్ముతున్నట్టు కనపడింది.

"మనసు సీసీ కెమెరా లాంటిదమ్మా. చూసినదంతా లోపల రికార్డయిపోయే ఉంటుంది. అబ్బాయికి అదెక్కడుందో తెలీడం లేదు, అంతే. నేను వెనక్కి తిప్పి చూపిస్తాను."

"చెప్పింది నిజమో కాదో ఎలా తెలుస్తుందండీ?"

"ఆ స్థితిలో మనిషి అబద్ధం ఆడలేడమ్మా."

ముందు నన్ను కూర్చోబెట్టి జరిగిందంతా అడిగి కాగితం మీద రాసుకున్నారు. బోటు, కెరటం, డబ్బా, అన్నదమ్ముల ప్రేమ, అన్నీ చెప్పేను. మా ఆయన మొదట్నుంచీ తమ్ముణ్ణి చెయ్యి పట్టుకుని ఈత నేర్పించిన సంగతి కూడా చెప్పేను.

మొదటిసారి ఏమీ రాలేదు. నాగరాజుని వాలుకుర్చీలో పడుకోబెట్టి, ఊపిరి మెల్లగా తీయించి, కాళ్ళు బరువెక్కుతున్నాయి, రెప్పలు బరువెక్కుతున్నాయి అని చెబుతూ ఉన్నారు. నాగరాజు "నీళ్ళు" అన్నాడు. ఇంకేమీ లేదన్నాడు. బయటికొచ్చేక, "నేను నిద్రపోలేదు వదినా. కింద ఆటోల హారన్లు కూడా వినపడుతున్నాయి. పని చెయ్యలేదనుకుంటా" అన్నాడు. వాడి మొహంలో సంతోషం కనిపించింది. నేను మాత్రం మళ్ళీ మెట్లెక్కి వెళ్ళి ఇంకో రోజు అడిగి వచ్చేను.

రెండోసారి వెళ్ళినప్పుడు ఆనందరావు గారు పట్టుదలగా అడిగేరు.

"నీళ్ళలో ఉన్నావు. పక్కన అన్నయ్య ఉన్నాడు. కనిపిస్తున్నాడా?"

"ఏమోనండీ."

"బాగా చూడు. చెయ్యి కనిపిస్తుంది. అన్నయ్య చెయ్యి."

చాలాసేపటికి నాగరాజు, "ఆయ్. చెయ్యి" అన్నాడు.

"నువ్వు పట్టుకున్నావా, అన్నయ్య పట్టుకున్నాడా?"

"నేనే."

నేను కుర్చీ అంచు మీదకి జరిగి కూర్చున్నాను.

మూడోసారి అంతా వచ్చేసింది. నాగరాజు చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. చెయ్యి గాల్లోకి లేచి ఏదో పట్టుకున్నట్టు బిగుసుకుంది. "ఏం చేసేవు? జారిపోయిందా, వదిలేసేవా?" అని అడిగేరు. మళ్ళీ అడిగేరు. మళ్ళీ అడిగేరు.

"వదిలేసేను" అన్నాడు నాగరాజు. "ఇద్దరం పోతామని వదిలేసేను."

నేను ఆగలేకపోయేను. "ఆయన ఏమన్నారు నాగరాజూ? ఏమన్నా అన్నారా?" అని అరిచేను. ఆనందరావు గారు నన్ను వారించలేదు. అదే ప్రశ్న మెల్లగా ఆయనా అడిగేరు. "అన్నయ్య నీతో ఏదో చెబుతున్నాడు. పెదాలు కదులుతున్నాయి. విను."

"ఆదిలక్ష్మి మీద కోపం లేదని చెప్పు అన్నాడు" అన్నాడు నాగరాజు.

ఆ మాట వినగానే నేను నేల మీద కూర్చుండిపోయేను. ఆ ఒక్క క్షణం నాకెంత హాయిగా అనిపించిందో చెప్పుకోడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది. కుర్చీలో ఉన్నవాడి సంగతే నాకు పట్టలేదు.

బస్సెక్కేక పట్టింది. వాడు కిటికీ పక్కన కూర్చుని అరచేతులు చూసుకుంటున్నాడు. నాకు ఆ హాయి వెనకాలే ఇంకొకటి వచ్చింది. కోపం. "నిన్ను చేతుల మీద పెంచేడు కదరా. ఎలా వదిలేసేవు?" అన్నాను. గట్టిగా అనలేదు. పక్క సీటు వాళ్ళకి కూడా వినపడి ఉండదు. వాడికి వినపడింది.

మా అత్తగారికి చెప్పకూడదనుకున్నాను. కానీ మా ఆయన మాట చెప్పకుండా ఉండలేకపోయేను. అది చెబితే రెండోది దానంతట అదే వచ్చేసింది. ఆవిడ విని, కొంగు నోట్లో కుక్కుకుని, గోడవైపు తిరిగి పడుకున్నారు. మర్నాటి నుంచి పద్మశ్రీ వాళ్ళింటికి కాఫీకి వెళ్ళలేదు. నాగరాజు గుమ్మంలోకి వచ్చి, "అమ్మా" అంటే పలకలేదు.

ఆ తర్వాతి మాసికానికి మా ఆయనకి పిండం పెట్టాల్సింది నాగరాజే. కొడుకులు లేరు కదా, ఆసుపత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచీ వాడే పెడుతున్నాడు. నడుం లోతు నీళ్ళలో నిలబడి, పిండం చేతిలో పెట్టుకుని, ఉండిపోయేడు. పంతులుగారు, "వదిలెయ్యి బాబూ" అన్నారు. కదల్లేదు. "వదిలెయ్యాలి నాయనా" అన్నారు మళ్ళీ. నాగరాజు వేళ్ళు అలాగే బిగించి, పిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చేడు. పిండం చేతిలోనే నలిగిపోయింది. నలుగురు పట్టుకుని ఒడ్డుకి తేవాల్సొచ్చింది. ఒడ్డున మా అత్తగారు ఉన్నారు. నేనున్నాను. ఇద్దరం వాడి దగ్గరికి వెళ్ళలేదు.

ఆ వారంలోనే వాడు ఊరు వదిలేసేడు. పద్మశ్రీని రాజోలు పుట్టింట్లో దింపి, తాను మాత్రం అక్కడ ఉండకుండా, అవతలెక్కడో రొయ్యల చెరువుల మీద కాపలాకి కుదిరేడు. ఆ చెరువుల షెడ్డులోనే వంట, పడక. పద్మశ్రీ నాకు ఫోను చేసింది. ఎప్పుడూ గొంతెత్తి మాట్లాడని పిల్ల.

"అక్కా, అన్నం తినడం లేదు. నేను వెళ్తే పొమ్మంటున్నారు. అంత మంచి అన్నని చంపినవాడితో నీకెందుకు అంటున్నారు. మీరు తీసుకెళ్ళేరు ఆయన్ని. మీరే తీసుకురండి."

నేను ఫోను పెట్టేసేను.

చైత్రం వెళ్ళేక మా ఆరోగ్య కేంద్రంలో ఆశాలందరికీ మానసిక ఆరోగ్యం మీద ఒకరోజు ట్రైనింగు పెట్టేరు. ఉమామహేశ్వరి గారని మానసిక వైద్యురాలు వచ్చేరు. చివర్లో సందేహాలుంటే అడగమంటే, మా పక్క ఊరి ఆశా లేచి, హిప్నాటిజం నిజమేనా అండీ, మనిషిని గుప్పిట్లో పెట్టుకుంటారంట కదా అని అడిగింది. అందరూ నవ్వేరు. డాక్టరు గారు కూడా నవ్వి చెప్పేరు.

"నేనూ చేస్తానమ్మా, నొప్పులకి, భయాలకి. అది నిద్ర కాదు. ఎవరి గుప్పిట్లోకీ వెళ్ళరు. ఇష్టం లేని పని చేయించలేం. అందులోంచి లేవలేకపోవడం అన్నది లేదు. ఒక పని మీద మనసు బాగా లగ్నమైతే చుట్టుపక్కల సంగతి పట్టదు చూడండి, అలాంటిది. దాంతో కొంతమందికి మేలు జరుగుతుంది. గారడీ కాదు, మంత్రమూ కాదు."

నేను లేచి నిలబడ్డాను. "మర్చిపోయినవి గుర్తు చేయించగలరా అండీ?"

"అదే అన్నిటికన్నా పెద్ద అపోహ" అన్నారావిడ. నవ్వు ఆపేసేరు. నా మొహంలో ఏం చూసేరో, "మీరు కాసేపు ఉండండమ్మా" అన్నారు.

అందరూ వెళ్ళేక టీకాల గదిలో కూర్చుని మొత్తం చెప్పేను. అయ్యేక ఆవిడ అడిగేరు. "తలకి ఎంత దెబ్బ?" చెప్పేను. "ఎన్నాళ్ళు స్పృహ లేదు?" చెప్పేను.

"ఆదిలక్ష్మి గారూ, అంత దెబ్బ తగిలితే ఆ కాసేపటిది మెదడులో అసలు నమోదే కాదమ్మా చాలామందికి. లేనిదాన్ని ఎవరైనా ఎక్కడి నుంచి తీస్తారు? జ్ఞాపకం కెమెరా కాదు. తలుచుకున్న ప్రతిసారీ మనసు దాన్ని కొత్తగా కట్టుకుంటుంది. ఆ స్థితిలో మనసు మరీ మెత్తగా ఉంటుంది. చెయ్యి కనిపిస్తోందా అంటే చెయ్యి వస్తుంది. వదిలేసేవా అంటే వదిలేసినట్టు కనిపిస్తుంది. అబద్ధం చెప్పడం కాదది. అతనికి నిజంగా కనిపిస్తుంది. నిజం జ్ఞాపకం కన్నా గట్టిగా కనిపిస్తుంది."

"అయితే నాగరాజు వదల్లేదా అండీ?"

"వదిలేడో లేదో నాకు తెలీదు. ఆ కుర్చీలో చెప్పిన మాటని బట్టి మాత్రం తెలీదు."

అడగకూడదనుకున్నాను. అడిగేసేను. "మరి మా ఆయన అన్నమాటో? నా మీద కోపం లేదన్నది?"

డాక్టరు గారు నా చెయ్యి పట్టుకున్నారు. "అది కూడా ఆ కుర్చీలోంచే వచ్చింది కదమ్మా" అన్నారు. "ఒకటి ఉంచుకుని ఒకటి కాదనలేం."

ఆ మాటతో మా ఆయన నాకు రెండోసారి పోయేరు.

నాలుగు రోజులు నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. నిజం చెప్పాలంటే, ఉంచేసుకుందామనుకున్నాను. డాక్టర్లు వంద చెబుతారు, ఆయన అనే ఉంటారు అనుకున్నాను. నాగరాజుకి మాత్రం నీ తప్పేం లేదని ఎలాగోలా చెబుదాం, ఆ ఒక్కమాట నాకుంచుకుందాం అనుకున్నాను. కానీ కళ్ళు మూస్తే వాడు నీళ్ళలో పిండం పట్టుకుని నిలబడ్డదే కనపడింది.

డాక్టరు గారు ఇంకొకటి చెప్పేరు. అప్పుడు చూసినవాళ్ళెవరైనా ఉంటే అడగమన్నారు. అడిగేటప్పుడు జవాబు మీరే నోటికందించకండి అన్నారు. అబ్బులు బాబాయి వల బాగుచేసుకుంటుంటే వెళ్ళి ఎదురుగా కూర్చున్నాను.

"బాబాయ్, నాగరాజు మీకు ఎలా కనిపించేడో మొత్తం చెప్పండి. నేను మధ్యలో మాట్లాడను."

"ఏముందమ్మా. డబ్బాకి వేలాడుతున్నాడు. తల ఒరిగిపోయి ఉంది. ముక్కు మాత్రం నీళ్ళ పైకి ఉంది, అదే అదృష్టం. పైకి లాగుదామంటే రాలేదు, డబ్బాకి తాడు ఉంది. కత్తి పెట్టి కోసేను."

డబ్బా పట్టుకున్నాడని కదా నేను ఇన్నాళ్ళూ అనుకున్నది. అయినా మాట్లాడలేదు.

"చేతులు రెండూ చచ్చుబడి ఉన్నాయి. పట్టుకోడానికేముంది. తాడుతో కట్టేసి ఉన్నాడు. చంకల కింద నుంచి రెండు చుట్లు వేసి, వీపు మీద ముడి."

"వీపు మీదా?"

"వీపు మీదే. అక్కడే కోసేను."

బాబాయి చేతిలోని వల ఆగిపోయింది. ఆయనకీ అప్పుడే తట్టింది. తలకి దెబ్బ తగిలి తెలివి లేనివాడు తన వీపు మీద తాను ముడి వేసుకోలేడు. ఆ నీళ్ళలో రెండో మనిషి ఒక్కరే ఉన్నారు.

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు బాబాయి. "వాడే కట్టుకున్నాడేమో అనుకున్నాను. పోలీసులూ డబ్బా ఉందా అన్నారు, ఉందన్నాను." ఆయన తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నేనూ అక్కడే ఇసకలో కూర్చుని ఏడ్చేను. ఆయన తమ్ముణ్ణి కట్టేసేరు. తనకి డబ్బా లేకుండా చేసుకున్నారు.

మర్నాడు రాజోలు వెళ్ళి, పద్మశ్రీని తీసుకుని చెరువుల దగ్గరికి వెళ్ళేను. ఎండ మండిపోతోంది. నాగరాజు షెడ్డు బయట రొయ్యల మేత బస్తా మీద కూర్చున్నాడు. గడ్డం పెరిగిపోయి, భుజాల ఎముకలు పైకొచ్చి, మా ఆయనకన్నా పెద్దవాడిలా ఉన్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "ఎందుకొచ్చేరు వదినా" అన్నాడు. పుట్టి బుద్ధెరిగి నన్ను మీరు అనలేదు వాడు.

చెప్పేను. డాక్టరు గారి మాటలు చెప్పేను, బాబాయి చెప్పింది చెప్పేను. పద్మశ్రీ గట్టిగా ఏడుస్తోంది. వాడు మాత్రం చెరువు వైపు చూస్తూ విన్నాడు.

"బాబాయి పొరపాటు పడ్డాడేమో" అన్నాడు.

"పడలేదు."

"మరి నాకు కనిపిస్తోంది కదా. ఇప్పుడు కూడా కనిపిస్తోంది. అన్నయ్య వేళ్ళు ఒక్కొక్కటే జారడం. చిటికెన వేలు ఆఖర్న. అంత స్పష్టంగా ఎలా కనిపిస్తుంది, జరక్కపోతే?"

"నేనే ఏడ్చి నిన్ను తీసుకెళ్ళేను నాన్నా. ఆనందరావు గారు అడిగేరు, నేను అడిగేను. ఇద్దరం కలిసి నీ తలలో పెట్టేం."

వాడు నా వైపు తిరిగేడు. చాలా నెలల తర్వాత నా కళ్ళలోకి చూసేడు. "అయితే అన్నయ్య నీ గురించి చెప్పింది?"

ఆ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. దారంతా దానికే గుండె దిటవు చేసుకుంటూ వచ్చేను. "అదీ లేదు" అన్నాను. "అదీ నేనే అడిగి చెప్పించుకున్నాను. ఆయన ఏమన్నారో, అసలు ఏమన్నా అన్నారో లేదో ఎవరికీ తెలీదు. ఇంక తెలీదు కూడా."

నాగరాజు అప్పుడు ఏడ్చేడు. తన కోసం కాదు. "అది ఉంచుకో వదినా" అన్నాడు. "నేను వదిలేసేనని ఉండనీ. నువ్వది ఉంచుకో."

నేను వాడి తల దగ్గరికి తీసుకుని, వద్దు వద్దు అంటూ ఉండిపోయేను.

మర్నాడు వాణ్ణి ఉమామహేశ్వరి గారి దగ్గరికి తీసుకెళ్ళేం. గది బయటే ఆగిపోయి, "కళ్ళు మూసుకోమంటారా?" అని అడిగేడు. ఆవిడ, "మీకిష్టమైతేనే. తెరిచే ఉంచండి, నాకేం ఇబ్బంది లేదు" అన్నారు. నెలల తరబడి వెళ్ళేడు. నిద్ర పడుతోంది. అన్నం తింటున్నాడు. పద్మశ్రీ, వాడూ రాజోల్లోనే అద్దెకి ఇల్లు తీసుకున్నారు. తాటిపాక, రాజోలు మధ్య ఆటో నడుపుతున్నాడు. సముద్రం వైపు మాత్రం రాడు.

ఆనందరావు గారి దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్ళేను. ముడి సంగతి చెబితే ఆయన మొహం పాలిపోయింది. "నేను ఏమీ కల్పించి చెప్పించలేదమ్మా. అతని నోటి నుంచే వచ్చింది కదా" అన్నారు. మళ్ళీ మళ్ళీ అదే అన్నారు. తిట్టాలనే వెళ్ళేను. నోరు రాలేదు. ఆ గదిలో గట్టిగా అడిగినదాన్ని నేనే కదా. ఆ బోర్డు ఇంకా ఉంది. నేను మాత్రం తిరిగిన ప్రతి ఇంట్లోనూ ఈ సంగతి చెబుతున్నాను. కొందరు వింటారు.

మా అత్తగారికి ముడి సంగతి చెప్పిన రోజున రాజోలు వెళ్ళి కొడుకు కాళ్ళ దగ్గర కూర్చున్నారు. వాడు లేవదీసేడు. కానీ మా ఆయన మాట కూడా లేదంటే మాత్రం ఒప్పుకోరు. "నా రాజబాబు అన్నాడు. కోపం లేదన్నాడు. నాకు తెలుసు" అంటారు. నన్ను ఓదార్చడానికి రోజూ అంటారు. నేను ఆయ్ అంటాను.

సంవత్సరీకానికి నాగరాజు వచ్చేడు. ఈసారి కార్యం సరిగ్గానే జరిగింది. గాయత్రి కూడా వచ్చింది. భోజనాలయ్యేక వాడూ నేనూ వెనక అరుగు మీద కూర్చున్నాం. పద్మశ్రీ గిన్నెలు కడుగుతోంది.

"వదినా, నువ్వు పూర్తిగా నమ్మేవా? నేను వదల్లేదని."

"నమ్మేను."

వాడు తల ఊపేడు. "నేను పగలు నమ్ముతాను" అన్నాడు. "ఎవరైనా చెయ్యి అందించి ఆటో ఎక్కుతారు చూడు, ముసలివాళ్ళు. అప్పుడు నమ్మలేను."

క్షమించమని ఇంతకుముందే చాలాసార్లు అన్నాను. అన్నప్పుడల్లా వాడు, "ఊరుకో వదినా" అంటాడు. ఇంక అది అనడం కూడా వాడి మీద ఇంకో బరువు పెట్టినట్టే.

నాలుగింటి బస్సుకి వెళ్ళాలన్నారు. పులుసు డబ్బాలో పోసి ఇచ్చేను. గాయత్రి వాళ్ళిద్దర్నీ బస్సెక్కించడానికి వెళ్ళింది. నేను వాకిట్లో నిలబడ్డాను. మలుపు తిరిగే ముందు నాగరాజు ఆగి, వెనక్కి చూసి, వెళ్ళొస్తానన్నట్టు చెయ్యెత్తేడు.